రిఫరీ రద్దు చేయని మాట

గ్రేస్‌వెల్ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి లవోన్ హాక్ పంతొమ్మిదేళ్లుగా కోచ్. అమెరికాలో, దక్షిణ ఇండియానాలోని ఆ ఊరికి చలికాలమంటే బాస్కెట్‌బాలే. మంచు ఎక్కువైతే బడి మూసేస్తారు గానీ మ్యాచ్ ఆపరు. గెలిచిన మర్నాడు కాఫీ హోటల్లో లవోన్ కూర్చోకముందే కప్పు నిండేది. ఓడిన మర్నాడు ఆ కప్పు కోసం చెయ్యెత్తి పిలవాల్సి వచ్చేది. ఆ ఏడాది ఆమె చెయ్యెత్తిన రోజులే ఎక్కువ.

సెమీఫైనల్ రోజు ఉదయమూ అంతే. చెయ్యి ఇంకా దించకముందే పక్క బల్ల మీంచి ట్రాక్టర్లు బాగుచేసే హార్లన్ అందుకున్నాడు.

"ఇవాళ ఆఖరి బంతి ఎవరికిస్తున్నావ్ లవోన్? ఆ యోడర్ పిల్లకైతే ముందే చెప్పు తల్లీ, నేను ఇంట్లోనే పడుకుంటా."

హోటలంతా నవ్వింది.

"నువ్వు రాకపోతే మంచిదే హార్లన్, గ్యాలరీలో ఇద్దరికి చోటు దొరుకుతుంది," అంది లవోన్. ఈసారి నవ్వు ఇంకాస్త గట్టిగా వచ్చింది. హార్లన్ పొట్ట నిమురుకుంటూ తనూ నవ్వాడు. లవోన్ మాత్రం నవ్వలేదు.

యోడర్ పిల్ల అంటే టెస్ యోడర్, రెండో ఏడాది విద్యార్థిని. అంతకు ముందు శనివారం లీగ్ మ్యాచ్ ఆఖరి క్షణంలో ఆమె వేసిన బంతి రింగు అంచుకు తగిలి బయటపడింది. జట్టు ఓడింది. అప్పట్నించీ ఆ అమ్మాయి ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు ఆ బంతి మాట ఎత్తుతూనే ఉన్నారు. హాస్టల్ తలుపు మీద చెత్తబుట్ట బొమ్మ గీసి, 'ఇందులోనైనా వెయ్యి' అని రాసి అంటించారు. సొంత బాబాయే చర్చి మెట్ల మీద ఆపి, మోచెయ్యి ఎలా పెట్టాలో నేర్పబోయాడు.

మధ్యాహ్నం ఆటల డైరెక్టర్ డ్వేన్ షాఫర్ లవోన్‌కి కబురు పెట్టాడు. ఆమె కంటే పదిహేనేళ్లు చిన్న. ఒకప్పుడు అదే కాలేజీలో ఆడినవాడు.

"కూర్చోండి కోచ్."

"నిలబడే వింటా. పిల్లలు ఎదురుచూస్తున్నారు."

డ్వేన్ బల్ల మీది పెన్ను అటూ ఇటూ జరిపాడు. "ఇవాళ గెలిచి ఫైనల్‌కి వెళితే మీ ఉద్యోగం గురించి కాలేజీ ట్రస్టీలతో నేను మాట్లాడగలను. ఓడితే నా వల్ల కాదు. మీ అంతట మీరే తప్పుకుంటున్నట్టు గౌరవంగా ప్రకటిద్దాం. కేకు తెప్పిద్దాం, పాత ఆటగాళ్లని పిలుద్దాం."

"అంటే నా పంతొమ్మిదేళ్లూ ఈ సాయంత్రం ఒక్క ఆటతో తేల్చేస్తారన్నమాట."

"అలా అనుకోకండి. ఇంకో మాట... ఆఖర్లో బంతి యోడర్‌కి వద్దు. ఊరంతా అదే అంటోంది."

"అయితే ఊరిని బూట్లు వేసుకుని రమ్మను, ఆడిస్తాను," అని లవోన్ తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. మెట్లు గబగబా దిగింది. భయంతో కాదు, కోపంతో.

సాయంత్రానికి జిమ్ కిటకిటలాడింది. హార్లన్ మొదటి వరసలోనే కూర్చున్నాడు. ఎదుటి జట్టు లిండేల్ పిల్లలు పొడుగరులు, గట్టివాళ్లు. గ్రేస్‌వెల్ పిల్లలు మొదటి సగమంతా వెనకబడే ఉండి, రెండో సగంలో పళ్లు బిగించి ఒక్కో బుట్టా వేసుకుంటూ దగ్గరికొచ్చారు. చివరికి ఒక్క పాయింటే వెనక, నాలుగు సెకన్లు మిగిలాయి, బంతి గ్రేస్‌వెల్‌ది. లవోన్ టైమవుట్ అడిగింది.

పిల్లలు చుట్టూ మూగారు. టెస్ అందరి వెనకా నిలబడింది. సహాయ కోచ్ ఎర్ల్ పకెట్ లవోన్ చెవి దగ్గర వంగాడు. "ఎవరికి? నాకైతే తెలుసనుకో. నీ నోటితో వింటే నా గుండె ముందే సిద్ధపడుతుందని."

"టెస్‌కి."

టెస్ మొహం పాలిపోయింది. "కోచ్, ప్లీజ్. ఇంకెవరికైనా ఇవ్వండి. నావల్ల మళ్లీ పోతే..."

"ఇటు చూడు. వాళ్ల కాపలా తప్పించుకోగలిగేంత చురుకైన కాళ్లు మన జట్టులో ఎవరికున్నాయ్?"

టెస్ తన బూట్ల వంక చూసుకుంది.

"నీకున్నాయ్. బంతి నీ చేతిలోంచి తిన్నగా వెళ్తుందా లేదా?"

"వెళ్తుంది."

"అంతవరకే నీ పని. లోపల పడిందా బయట పడిందా అన్నది నా మెడకి చుట్టుకోనీ. పద."

గీత బయటినుంచి బంతి కోర్టులోకొచ్చింది. లిండేల్ పొడుగు అమ్మాయి అడ్డం నిలబడితే టెస్ ఆమె చుట్టూ తిరిగి, బంతి అందుకుని, ఒక్కసారి నేలకు కొట్టి పైకి లేచింది. హారన్ మోగింది. గాల్లో ఉన్న బంతి రింగుకు కూడా తగలకుండా వలలోంచి జారింది.

ఆ తర్వాత ఎవరు ఎవర్ని కావలించుకున్నారో చెప్పడం కష్టం. గ్యాలరీ మొత్తం నేల మీదికి దూకింది. హార్లన్ టెస్‌ని భుజాల మీదికెత్తుకోబోయి తనే కూలబడ్డాడు. జిల్లా రేడియో అతను మైకు పట్టుకుని లవోన్ దగ్గరికి పరిగెత్తాడు. అతని కంటే ముందు డ్వేన్ చేరుకుని ఆమె భుజం చుట్టూ చెయ్యేశాడు.

"రెండేళ్లు!" అని మైకులోకి అరిచాడు. "ఇంకో రెండేళ్లు ఈవిడే మా కోచ్! డైరెక్టర్‌గా నేను చెప్తున్నా, రాసుకోండి!"

అంతలో రిఫరీ ఈల వేశాడు. ముగ్గురు రిఫరీలు బల్ల దగ్గర తెరలో ఆ ఆఖరి షాట్‌ని మళ్లీ మళ్లీ చూశారు. జిమ్ నెమ్మదిగా చల్లబడింది. పెద్ద రిఫరీ నడిమధ్యకి వచ్చి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. టైము అయిపోయి బుట్ట వెనక బోర్డు చుట్టూ ఎర్ర లైటు వెలిగేసరికి బంతి ఇంకా టెస్ వేళ్లకు అంటుకునే ఉంది. బుట్ట చెల్లదు. గ్రేస్‌వెల్ ఓడింది.

లవోన్ భుజం మీది చెయ్యి ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియలేదు. తిరిగి చూస్తే డ్వేన్ గోడవారన నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

ఆమె లిండేల్ కోచ్‌తో చెయ్యి కలిపి, వాళ్ల పిల్లల్ని మెచ్చుకుని, డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లింది. టెస్ తల మీద తువ్వాలు కప్పుకుని మూల కూర్చుంది.

"సారీ కోచ్..."

"ఏడువు. ఎంతసేపైనా ఏడువు. సారీ మాత్రం ఈ గదిలో ఎవరూ అనొద్దు. నేను అడిగిందల్లా చేశావ్."

పక్క గదిలో విలేకరులు కాచుకుని ఉన్నారు. డ్వేన్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి ప్రశ్న అందరూ అనుకున్నదే: పోయిన వారం పోగొట్టిన అమ్మాయికే మళ్లీ ఎందుకిచ్చారు?

"రేపు ఇంకో మ్యాచ్ ఉన్నా ఆమెకే ఇస్తా," అంది లవోన్. "బంతి లోపల పడ్డప్పుడు మీరంతా ఆ పిల్లని ఎత్తుకోబోయారు. నన్ను కావలించుకున్నారు. రెండు నిమిషాల తర్వాత మేమిద్దరం పనికిరానివాళ్లమయ్యాం. ఆ రెండు నిమిషాల్లో మాలో మారిందేమిటో ఒకరు చెప్పండి."

రేడియో అతను మైకు ముందుకు చాపాడు. "ఇది మీ ఆఖరి మ్యాచ్ అని వినిపిస్తోంది కోచ్..."

"ఎవరన్నారు? ఇంకో రెండేళ్లని డైరెక్టర్ నీ మైకులోనే చెప్పాడు కదా. నువ్వు వినలేదా?"

తలలన్నీ తలుపు వైపు తిరిగాయి. డ్వేన్ మొహం ఎర్రబడింది. "అది... గెలిచామనుకుని అన్న మాట కోచ్. ఆ బుట్ట చెల్లలేదు కదా."

"బుట్టని రిఫరీ రద్దు చేశాడు డ్వేన్. నీ మాటని ఏ రిఫరీ రద్దు చేశాడు?"

వెనక బెంచీలోంచి ఎర్ల్ పకెట్ పకపకా నవ్వాడు. రేడియో ఇంకా ప్రసారంలోనే ఉంది.

సోమవారం పిల్లలు జెర్సీలు తిరిగి ఇవ్వడానికి జిమ్‌కి వచ్చారు. లవోన్ వాళ్లచేత బంతులు తీయిస్తుండగా డ్వేన్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.

"ట్రస్టీలు మండిపడుతున్నారు కోచ్. ఊళ్లో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. ఇవాళ పొద్దున హార్లన్ నాకు కాఫీ కూడా తాగనివ్వలేదు, 'మాటంటే మాటే' అని. దయచేసి సంతకం పెట్టండి, ఇద్దరం గౌరవంగా బయటపడదాం."

"నేను రాజీనామా చెయ్యను," అంది లవోన్. "తీసెయ్యాలనుకుంటే తీసెయ్. నీకా అధికారం ఉంది. కానీ నేనే వెళ్లిపోయానని అబద్ధం ఆడటానికి నా సంతకం వాడుకోకు. ఇదుగో, పిల్లలంతా ఇక్కడే ఉన్నారు. వాళ్ల ముందు చెప్పు."

బంతుల చప్పుడు ఆగింది. పన్నెండు మంది అమ్మాయిలు అతని వంకే చూస్తున్నారు. టెస్ మాత్రం రెండడుగులు ముందుకొచ్చి కోచ్ పక్కన నిలబడింది. ఆమెకు ఎవరూ అలా చెయ్యమని చెప్పలేదు.

డ్వేన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "వెళ్లేటప్పుడు లైట్లు ఆర్పేయండి," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

లవోన్ టెస్‌కి బంతి విసిరింది. "అదే చోటు. అదే షాట్. ఈసారి నేలకు కొట్టకుండా ఎత్తు."

టెస్ ఎత్తింది. బంతి రింగు మీద ఎగిరి బయటపడింది.

"తొందరగా వదిలావా లేదా?"

"వదిలాను."

"మళ్లీ."

లవోన్ ఆ రెండేళ్లూ పనిచేసింది. కప్పులేమీ రాలేదు గానీ ఓటముల కంటే గెలుపులు కాస్త ఎక్కువే వచ్చాయి. ఆఖరి బంతి మూడుసార్లు టెస్ చేతికి వచ్చింది. అందులో పడింది ఒక్కటే. పడని రెండుసార్లూ విలేకరులు పాత ప్రశ్నే వేశారు. లవోన్ పాత జవాబే చెప్పి, కోటు తొడుక్కుని, పిల్లల్ని బస్సెక్కించింది.