రెబెక్కా చేసిన తర్జుమా

తణుకులో మా డిగ్రీ కాలేజీలో చేరగానే పిల్లలకు ఇంగ్లీషు పరీక్ష పెడతాం. యాభైకి ఇరవై రాకపోతే ఆరు వారాల బ్రిడ్జ్ కోర్సు. అదీ గట్టెక్కకపోతే బీఎస్సీ సీటు పోతుంది. ఈ కబురు పిల్లలకు మెల్లగా, నొప్పించకుండా చెప్పే పని నాది. నాకేమో మెల్లగా మాట్లాడడం పుట్టుకతోనే రాదు.

రెబెక్కాకు పదకొండు వచ్చాయి.

"ఆ క్లాసు నాకెందుకండీ? మా చర్చి మీటింగుల్లో ఇంగ్లీషులో ప్రసంగించే పాస్టరు అయ్యగార్లకి స్టేజీ మీద తర్జుమా చేసేది నేనే," అంది.

"మరి ఈ పదకొండేంటి?"

"పేపర్లో ఆత్మ ఉండదు కదండీ."

నాకు ఒళ్లు మండింది. "సీటు పోతే ఏం చేస్తావే?"

"రొయ్యల ఫ్యాక్టరీకి పంపేస్తాడండి మా నాన్న," అంది, గొంతు తగ్గించి. "కానీ ఆ క్లాసులో కూర్చున్నానని చర్చిలో తెలిస్తే మళ్లీ స్టేజీ ఎక్కనిస్తారేంటండి?"

ఈ పిల్ల సంగతేదో చూద్దామని ఆదివారం వాళ్ల ఊరు వెళ్లాను. షామియానా నిండా జనం. కేరళ నుంచి వచ్చిన అయ్యగారు మైకు పట్టుకుని, తన రైలు నాలుగు గంటలు ఆలస్యమైందనీ, స్టేషన్లో కాఫీ చల్లారిపోయిందనీ ఇంగ్లీషులో వాపోయారు.

రెబెక్కా చెయ్యెత్తింది. "నాలుగు దిక్కుల నుంచీ ప్రభువు పిలుస్తున్నాడు తల్లీ! నీ గుండె ఎందుకిలా చల్లబడిపోయింది?"

జనం గొల్లున ఏడ్చారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ కళ్లు చెమర్చాయి.

మీటింగయ్యాక షామియానా వెనక పట్టుకున్నాను. "ఆయన చెప్పింది కాఫీ సంగతి కదే!"

"నాలుగు, చల్లగా అన్నవి అర్థమయ్యాయండి. మిగతాది ప్రభువే చూసుకున్నాడు."

"పరీక్షలో మిగతాది నువ్వే చూసుకోవాలి! రేపు క్లాసుకి రాకపోయావో, మీ సంఘ పెద్ద లాజరు గారికి అంతా చెప్పేస్తాను."

"బాబోయ్, అంత పని చెయ్యకండి మేడం!" అని ఏడ్చేసింది. నాకు జాలేసింది గానీ మొహంలో కనపడనివ్వలేదు.

మర్నాటి నుంచి మొదటి బెంచీలో కూర్చుంది. ఒక్క రోజు మానలేదు.

ఆరు వారాలు నిండాక, ఓ సోమవారం లాజరు గారే స్టాఫ్ రూముకొచ్చారు, రెబెక్కాను వెంటబెట్టుకుని. మనిషి కుతకుతలాడుతున్నాడు.

"ఏం నేర్పారండీ ఈ పిల్లకి? బంగారంలాంటి తర్జుమా పాడైపోయింది! నిన్న ఆ కేరళ అయ్యగారే మళ్లీ వచ్చారండి. దోమలు కుడుతున్నాయంట, పది నిమిషాల్లో ముగించేస్తారంట! ఇది వినడానికా మేం షామియానా వేసింది? ఒక్కళ్ల కంట నీటిచుక్క లేదు!"

"ఆయన అదే అన్నారు తాతా," అంది రెబెక్కా.

"అంతకుముందు బాగా చెప్పేదానివి కదే!"

"అప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అర్థమవుతుంటే అబద్ధమాడడానికి నోరు రాలేదు తాతా."

నేను గర్వంగా బ్రిడ్జ్ పరీక్ష పేపరు తీసి ఆయన ముందు పెట్టాను. "యాభైకి ముప్ఫై నాలుగు. సీటు ఖాయం."

లాజరు గారు ఆ పేపరు వైపూ రెబెక్కా వైపూ మార్చి మార్చి చూశారు. కోపం దిగిపోయింది.

"అయితే ఆ క్లాసులో మా కేరళ అయ్యగారిని కూర్చోబెట్టండి మేడం," అన్నారు. "ఇన్నాళ్లూ ఆయన ప్రసంగాన్ని ఈ పిల్లే నెట్టుకొచ్చిందన్నమాట."