బుగ్గన పెట్టుకున్న లవంగం

అద్దాలాయనకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి మొత్తానికి తెలుసు. ముక్కు మీదంటే నిజంగా ముక్కు మీదే, అరంగుళం కూడా వెనక్కి జరిగేది కాదు. కొలత తప్పు తెచ్చిన వడ్రంగి మీద అరిచేవాడు, తుడిచిపెట్టిన అద్దం మీద వేలు పెట్టిన మనిషి మీద అరిచేవాడు, ఎవరూ దొరక్కపోతే గాలికి టపటపా కొట్టుకుంటోందని తలుపు మీద అరిచేవాడు. అరిచిన ఐదు నిమిషాలకు మళ్లీ ఆయనే టీ తెప్పించి తాగమని బతిమాలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ ఆ ఐదు నిమిషాలూ ఎదుటివాళ్లు ఎక్కడికి పోయి దాక్కోవాలి చెప్పండి?

కొట్టు చిన్నది. ముందు గదిలో గోడల నిండా అద్దాలు, వెనక గదిలో కంబళి పరిచిన పెద్ద బల్ల. ఆ బల్ల మీద గాజు పలకలు కోసేది బావమరిది, అంటే ఆయన భార్యకు సొంత తమ్ముడు. ఎనిమిదేళ్లుగా అదే కొట్లో పని. స్కేలు ఆనించి, ఆదివారం ఆరాధనలో పాడిన పాటను ఈలగా వేస్తూ, కట్టర్‌ని ఒక్కసారి లాగేవాడు. రెండోసారి లాగే అవసరం ఎప్పుడూ రాలేదు. బావ అరుపులకు అతగాడు జంకేవాడు కూడా కాదు. "బావా, ఇంకొంచెం గట్టిగా అరువు. ఆ అరుపుకి పలక తనంతట తనే రెండు ముక్కలవుతుంది. నాకు ఈ కట్టర్ మోత తప్పుతుంది" అనేవాడు.

ఆ ఇద్దరి పనిలో ఒక్క విషయం మాత్రం నవ్వులాట కాదు, పెద్ద పలకలు మోయడం. పలకను నిలువుగా పట్టుకుని చెరో అంచున నడవాలి. ఇరుకు దారుల్లో ముందువాడు వెనక్కి నడుస్తాడు. వాడికి దారి కనిపించదు, రెండోవాడి ముఖమే కనిపిస్తుంది. దారి కనిపించేది ఆ రెండోవాడికే. అందుకే బావమరిది కొట్లో అడుగుపెట్టిన మొదటి రోజే అద్దాలాయన గట్టిగా చెప్పాడు: "దారి కనిపించేవాడి నోరు మూతపడకూడదురా. గుమ్మం వస్తే గుమ్మం అను, మెట్టు వస్తే మెట్టు అను. ఊరికే వాగుతున్నాడని ఎవడైనా అనుకుంటే అనుకోనీ." ఎనిమిదేళ్లలో వాళ్లిద్దరి చేతుల్లో దారి మధ్య ఒక్క పలకా పగల్లేదు.

ఇక లవంగాల సంగతి. అదంతా ఒక గొడుగుతో మొదలైంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యేసరికి జోరుగా వాన. భార్య గొడుగు తేవడం మర్చిపోయింది. అంతే, సంఘమంతా వరండాలో నిలబడి ఉండగా అద్దాలాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా మెట్లు దిగి వానలో తడుస్తూ ఇంటికి నడిచిపోయింది. తర్వాత మూడు రోజులు ఆవిడ భోజనం వడ్డించింది గానీ నోరు విప్పలేదు. ఆ రోజు వరండాలో చూసినవాళ్లలో ఎవరో "పాపం" అన్నారు. ఆ పాపం తన గురించి కాదని ఆయనకు తెలిసింది, తల కొట్టేసినట్టయింది.

మరుసటి ఆదివారం పాస్టరుగారు ఆశానిగ్రహం గురించి, అంటే తనను తాను అదుపులో పెట్టుకోవడం గురించి, వాక్యం చెప్పారు. నలభై ఉపవాస దినాలు రాబోతున్నాయి. "బైబిల్లో చెప్పిన ఆత్మఫలాల వరసలో చివరన ఉందని దీన్ని చిన్నచూపు చూడకండి. కొందరికి నిగ్రహం పళ్లెం దగ్గర కావాలి, కొందరికి నాలుక దగ్గర కావాలి" అన్నారు. అన్నది అందరితోనే అయినా, తన ముఖంలోకే చూసి అన్నట్టనిపించింది అద్దాలాయనకు. నోరు కట్టేసుకుంటే సరిపోదని, లోపల కుతకుతలాడేదాన్ని కూడా దేవుడి ముందు పెట్టాలని పాస్టరుగారు ఆ తర్వాత ఇంకో మాట చెప్పారు. అది ఈయన చెవిన పడనే లేదు. అప్పటికే ఈ నలభై రోజులూ ఒక్క కసురు మాట నోటినుంచి రానివ్వనని తనలో తను ఒట్టు పెట్టుకుంటున్నాడు.

లవంగాలు ఇచ్చింది భార్యే. చిన్న రేకు డబ్బాలో పోసి చొక్కా జేబులో పెట్టింది. "కోపం వచ్చిందనుకోండి, ఒకటి బుగ్గన పెట్టుకోండి. దాని ఘాటు పోయేదాకా నోరు తెరవకండి. ఈలోగా కోపం కూడా చల్లారుతుంది."

చల్లారిందా అంటే, బయటికి చల్లారినట్టే ఉంది. వడ్రంగి మళ్లీ కొలత తప్పు తెచ్చాడు. అద్దాలాయన ముఖం ఎర్రబడింది, చెయ్యి జేబులోకి వెళ్లింది, లవంగం బుగ్గన చేరింది. వడ్రంగి నోరెళ్లబెట్టి చూశాడు. ఇంట్లో భార్య మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది. పక్కింటావిడతో "మా ఆయనేనా ఈయన అనిపిస్తోందమ్మా" అని కూడా అన్నదట. ఆయన రోజూ సాయంత్రం క్యాలెండరులో ఆ రోజు గడి మీద ఎర్ర పెన్సిలుతో అడ్డగీత కొట్టేవాడు. పదో రోజుకు ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూసి మరీ లవంగం వేసుకోవడం అలవాటైంది. ఇరవయ్యో రోజుకు ఎవరూ చూడకపోతే చిన్నబోయేవాడు. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. నోట్లోంచి దిగి కడుపులో కూర్చుంది.

ముప్పై ఒకటో రోజు పళ్ల డాక్టరుగారి కొత్త క్లినిక్కులో గది మధ్యన అడ్డుగా నిలబెట్టడానికి మనిషెత్తు పలక తీసుకెళ్లాలి. పొద్దున్నే కొట్లో వడ్రంగీ ఇంకో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. పలకకు చుట్టాల్సిన కంబళి ఎక్కడ పెట్టారో కనపడక అద్దాలాయన వెతుకుతున్నాడు, విసుగొస్తోంది. బావమరిది అది కనిపెట్టి గొంతు సవరించుకున్నాడు. "ఆగండాగండి, ఇప్పుడు మా బావ మందేసుకుంటాడు చూడండి. ఒకటి... రెండు..." అని లెక్కపెడుతూ ఒక బుగ్గ ఉబ్బించి, కళ్లు పైకెత్తి, చేతులు జోడించి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే అద్దాలాయన చెయ్యి నిజంగా జేబులో డబ్బా మీద ఉంది. అందరూ పగలబడి నవ్వారు. వడ్రంగి అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

బావమరిది ఆడిన మేలమే అది, ఎనిమిదేళ్లుగా ఆడుతున్నదే. పాత రోజులైతే "నోర్ముయ్ వెధవా" అని ఒక్క అరుపు అరిచి, ఐదు నిమిషాలకు టీ తెప్పించేవాడు. గొడవ అక్కడితో సరి. ఇప్పుడు ఆయన లవంగం బుగ్గన పెట్టుకుని పలక వైపు నడిచాడు. ఒళ్లు మండిపోతోంది. తన ముప్పై రోజుల తపస్సు నలుగురి ముందు నవ్వులపాలైంది మరి.

క్లినిక్కు వరండా ఇరుకు. బావమరిది ముందు, వెనక్కి నడుస్తున్నాడు. అద్దాలాయన వెనక. గుమ్మం దగ్గర ఆయన "గుమ్మం" అనలేదు. తలతో సైగ చేశాడు. బావమరిది కాలు తడుముకుని దాటాడు. "ఏంటి బావా, మౌనవ్రతమా?" అన్నాడు, ఇంకా నవ్వుతూనే. ఈయన జవాబివ్వలేదు.

వరండా చివర నేల ఒక మెట్టు కిందికి దిగుతుంది. అద్దాలాయన అది చూశాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. చెప్పకుండా ఉండిపోయాడు. ఇందాక అంత నవ్వాడుగా, ఇదీ వాణ్నే చూసుకోనీ అనుకున్నాడు. రెప్పపాటు, అంతకన్నా లేదు. బావమరిది మడమ గాల్లోకి పోయింది. పలక గోడ మూలకు తగిలి భళ్లున పగిలింది. ఒక పెద్ద ముక్క జారి చేతొడుగు పైనుంచి అతని కుడి మణికట్టులో దిగింది.

ఆసుపత్రిలో కుట్లు వేశారు, లోపల తెగిన నరాలు కలిపారు. చూపుడువేలు, బొటనవేలు మునుపటిలా వంగకపోవచ్చని, పదునైన పనిముట్లతో చేసే పనులు ఆశపెట్టుకోవద్దని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. కట్టర్ పట్టుకునే వేళ్లు అవే. అక్క ఏడుస్తూ "ఎలా జరిగిందిరా?" అని అడిగితే, మంచం మీంచి బావమరిది, "నా వాగుడే అక్కా. కబుర్లలో పడి కాలెక్కడ వేస్తున్నానో చూసుకోలేదు. బావ తప్పేం లేదు" అన్నాడు. అద్దాలాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నోట్లో లవంగం లేదు, అయినా నోరు పెగల్లేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటు చొప్పున ముప్పై ఒకటో గడి కూడా కొట్టేశాడు.

నలభైకి మిగిలిన ఆ తొమ్మిది రోజులూ ఆయన పడింది పగవాడికి కూడా వద్దు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆయన్నే పొగిడారు. సంఘంలో పెద్దావిడ ఒకామె చేతులు పట్టుకుని "అంత పలక పగిలితే ఒక్క మాటైనా అనలేదటగా నాయనా! నిగ్రహమంటే నీదే" అంది. అక్కడే కుర్చీలో కట్టుకట్టిన చేత్తో బావమరిది కూర్చుని ఉన్నాడు. నేలచూపులు చూస్తూ ఊరుకున్నాడు. ఈల వేయడం మానేశాడని ఆ రోజే గమనించాడు అద్దాలాయన.

వెనక గదిలో బల్ల ఖాళీగా ఉంది. రెండుసార్లు తనే పలక కోయబోయాడు. రెండుసార్లూ గీత వంకరపోయింది.

నలభై రోజులు పూర్తయ్యాక వచ్చిన ఆదివారం, దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ ముందుకొచ్చి చెప్పుకునే సాక్ష్యాల వేళ. భార్య ముందే పాస్టరుగారికి ఆయన పేరు ఇచ్చేసింది, ఆయనకు చెప్పకుండా, ముచ్చటపడి. పాస్టరుగారు పిలిచారు. లేచి ముందుకు నడిచాడు. మైకు దగ్గర నిలబడ్డాడు. మూడో వరసలో భార్య, పక్కన తమ్ముడు. భార్య ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగును ఇంకో నిమిషంలో తన చేతులతో తనే ఆర్పేయాలి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకోవడం ఆయనకిప్పుడు బాగా వచ్చు కూడా.

"నలభై రోజులు నేను నోరు మూసుకున్న మాట నిజమే" అన్నాడు. ఎవరో "స్తోత్రం" అన్నారు. "స్తోత్రం అనకండి. క్లినిక్కులో నాకు మెట్టు కనిపించింది. వాడు వెనక్కి నడుస్తున్నాడు, వాడికి కనిపించదు. చెప్పాల్సింది నేను. చెప్పలేదు. పొద్దున నన్ను చూసి నవ్వాడని కోపం. నా నోట్లో లవంగం ఉందిగానీ, నా నోరు నొక్కింది అది కాదు. కోపమే. అరిచే రోజుల్లో నేను ఎవరి ఒంటి మీదా గాటు పెట్టలేదు. ఆ ఒక్క రోజు అరవకుండా పెట్టాను. దానికి నిగ్రహమని పేరు పెట్టుకుని మీ అందరి పొగడ్తలూ తిన్నాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు."

ఆమెన్ అనేవాళ్లు లేరు. భార్య ఆయన వైపు చూడలేదు. తమ్ముడి కట్టు మీద చెయ్యి వేసి, అలాగే తల దించుకుని కూర్చుంది. పాస్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

ఆరాధన అయ్యాక అద్దాలాయన వరండా చివర స్తంభం పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. అందరూ దిగిపోయారు. భార్య గేటు దగ్గర ఆగి ఉంది. బావమరిది దగ్గరికి వచ్చాడు.

"నాకు తెలుసు బావా."

"ఏం తెలుసురా?"

"నువ్వు మెట్టు చూశావని. నేను నీ ముఖమే చూస్తున్నా కదా. నీ కళ్లు కిందికి వెళ్లాయి, మళ్లీ నా మీదకొచ్చాయి. చెప్తావులే అనుకుని అడుగేశా."

"మరి అక్కకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే అక్క నీతో ఎలా బతుకుతుంది? నువ్వే చెప్తావని ఆగా. రోజూ అనుకున్నా, ఇవాళ చెప్తాడు, ఇవాళ చెప్తాడు అని. తొమ్మిది రోజులు ఆగాను బావా." వంగని వేళ్ల వైపు ఒకసారి చూసుకున్నాడు.

"తిట్టరా నన్ను. కొట్టు. ఏదో ఒకటి చెయ్యి."

బావమరిది దవడలు బిగుసుకున్నాయి. ఎనిమిదేళ్లలో అతని ముఖంలో కోపం చూడటం అద్దాలాయనకు అదే మొదలు. అది ఎంత పెద్దదో చూసి భయమేసింది.

"జేబులో డబ్బా ఉందా?" అన్నాడు బావమరిది. హాస్యానికి కాదు. "ఒకటియ్యి."

అద్దాలాయన డబ్బా మూత తీశాడు. బావమరిది ఎడమచేత్తో ఒక లవంగం తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు. "ఇంటిదాకా నన్ను మాట్లాడించకు" అని ముందుకు కదిలాడు. అద్దాలాయన రెండడుగుల వెనక నడిచాడు. కళ్లనిండా నీళ్లు. భార్య నిలబడిన గేటు మసకగా కనబడుతోంది, కాళ్ల కింద నేల కనబడటం లేదు. ఎప్పుడూ దిగే మెట్లే, ఆ సంగతి కూడా గుర్తులేదు.

ముందు నడుస్తున్న బావమరిది ఆగాడు. వెనక్కి తిరిగి, బుగ్గన లవంగం అలాగే ఉంచుకుని, కోపం తగ్గని గొంతుతోనే అన్నాడు.

"మెట్టు, బావా."