వన్స్ మోర్ రాఘవులు

మామిడికాయను తలకిందులుగా పట్టుకుని ముచ్చిక కత్తిరించాలి. సొన బొట్టుబొట్టుగా నేల మీద కారిపోయేదాకా ఆగాలి. తొందరపడితే సొన తొక్క మీదికి జారి కాయ మచ్చపడుతుంది. రాఘవులు పొద్దున ఆరు గంటల నుంచి ఇదే పని మీద, ఇదే పీట మీద ఉన్నాడు.

నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే రోడ్డు పక్కన రేకుల షెడ్డు అది. మే నెల ఎండకు లోపల ఊపిరాడదు. అరవై ఏడేళ్ళ మనిషి, ఎడమ మోకాలు వంగదు. పదేళ్ళ క్రితం రసాల చెట్టు మీంచి పడ్డప్పటి నుంచి కాయలు కోసే చిక్కం పట్టుకోవడం మానేసి పీట ఎక్కాడు. ముంజేతుల మీద, మెడ మీద సొన కాల్చిన నల్లమచ్చలు. యాభై ఐదు వేసవులు ఆ ఒంటి మీద ముద్రలు వేసుకుని పోయాయి.

"వన్స్ మోరూ, మధ్యాహ్నం నుంచి సెలవంటగా?" అంది ఎదురుగా కూర్చుని కాయలు ఏరుతున్న భవాని. "పాటల పండక్కా? అక్కడంతా కుర్రకారే. నలిగిపోతావ్ చూసుకో."

"మా రావుగారు పాడుతున్నారు."

"ఆయనింకా ఉన్నాడా?"

"ఉండకేం," అన్నాడు రాఘవులు, కాయ మీంచి చూపు తిప్పకుండా.

అతని అసలు పేరు షెడ్డులో సగం మందికి తెలియదు. పంతొమ్మిదేళ్ళ వయసులో బాపులపాడు తిరునాళ్ళలో నాటకం చూడటానికి వెళ్ళాడు. రాజ్యం పోగొట్టుకున్న రాజు వేషంలో శేషగిరిరావు అనే కొత్త కుర్రాడు పద్యం ఎత్తుకున్నాడు. చివర్లో గుక్కపట్టి రాగం తీస్తే, సగం మంది నిద్రలో ఉన్న జనంలోంచి ఒక్క గొంతు లేచింది. వన్స్ మోర్! ఆ గొంతు తనదేనని రాఘవులుకే కాసేపటిదాకా తెలియలేదు. వన్స్ మోర్ అడిగితే పాడనని ఏ నటుడూ అనడు. అది ఆ రంగం మర్యాద. శేషగిరిరావు ఆ రాత్రి మూడుసార్లు పాడాడు. నాటకం అయ్యాక రంగు కూడా తుడుచుకోకుండా వచ్చి, "ఎవరయ్యా ఆ కేక వేసింది?" అని వెతుక్కున్నాడు.

అప్పటి నుంచి చింతలపూడిలో ఆడినా, హనుమాన్ జంక్షన్లో ఆడినా రాఘవులు వెళ్ళాల్సిందే, హార్మోనియం పక్కన నేల మీద కూర్చోవాల్సిందే. విచిత్రం ఏమిటంటే, ఆ మనిషి బతుకులో ఇంకేదీ రెండోసారి అడిగి ఎరగడు. విస్తరి ముందు కూర్చుంటే మారు అన్నం అడగడు. కూలి పెంచమని అడగడు. ఆఖరికి పెళ్ళిచూపుల్లో పిల్లను తలెత్తి రెండోసారి చూడలేదని అతని భార్య అన్నపూర్ణ ఇప్పటికీ దెప్పుతుంది. "ఇంట్లో నోరు పెగలదు, పందిట్లో మాత్రం ఊరంతా వినపడుద్ది," అంటుంది. ఆ మాట నిజమే. రాఘవులుకు ఈ లోకంలో ఉన్న చనువంతా ఒక్క శేషగిరిరావు దగ్గరే.

నాలుగింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తోట చేరాడు. పండ్ల వ్యాపారులు కలిసి మామిడితోటలో పెట్టిన వేసవి పాటల పండగ అది. మూడు రోజులు, పదకొండు బృందాలు. గేటు దగ్గర ఒక అమ్మాయి అతని మణికట్టుకు నీలం కాగితపు పట్టీ చుట్టింది. పసుపు పట్టీ ఉన్నవాళ్ళకే ముందు కుర్చీలట. నీలం వాళ్ళు తాడు వెనకాల నిలబడాలట. పెద్ద ఫ్లెక్సీ మీద బ్యాండు కుర్రాళ్ళ బొమ్మల కింద, ఓ మూల బొటనవేలంత ఫొటోలో శేషగిరిరావు నవ్వుతున్నాడు. పాత తరానికి గౌరవంగా ఆయనకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. అది కూడా ఎండ దిగకముందు.

స్టేజీ వెనక గుడారం దగ్గర ఉమ ఎదురొచ్చింది. శేషగిరిరావు కూతురు. రాఘవులును చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"బాబాయ్, ఒక్కమాట." చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "నాన్నకు గుండె బాగా దెబ్బతింది. డాక్టరు అసలు పాడొద్దన్నారు. ఒక్కసారి పాడి దిగిపోతానంటేనే తీసుకొచ్చాను. మీరు ఈ రోజు వన్స్ మోర్ అనకండి. మీరు అడిగితే ఆయన ఆగరు."

రాఘవులు తల వంచుకున్నాడు. "అట్టాగేనమ్మా. ఒకసారి కనపడి పోతా."

"వద్దు బాబాయ్. మిమ్మల్ని చూస్తే హుషారెక్కుతుంది. పాడాక నేనే పిలుస్తా. ఒట్టేయండి."

ఒట్టు వేశాడు. వేశాక గానీ తనకు తెలిసిన ఒక్క పనీ పోయిందని అతనికి తట్టలేదు.

తాడు వెనక నిలబడ్డాడు. చుట్టూ పిల్లలు మామిడి రసం తాగుతూ ఫోన్లలో ఫొటోలు దిగుతున్నారు. ముందు కుర్చీలు ముప్పావు వంతు ఖాళీ. శేషగిరిరావు ఒకరి భుజం పట్టుకుని మెట్లెక్కాడు. జరీ పంచె, బోసి మెడ. మనిషి ఎండిపోయాడు. నాలుగేళ్ళుగా చూపు మందగించి ఎదుట ఎవరున్నారో ఆనదు. జనంలో రాఘవులు ఉన్నాడని ఆయన కేకను బట్టే పోల్చుకునేవాడు.

హార్మోనియం పక్కన స్టీలు గ్లాసులో మిరియాలు వేసి కాచిన నీళ్ళు. ఎప్పుడూ ఉండేవే. పద్యానికి ముందు సగం తాగుతాడు, మిగతా సగం రెండోసారి పాడటానికి ముందు. ఇవాళా సగమే తాగి గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. మిగతా సగం ఎవరి కేక కోసమో రాఘవులుకు తెలుసు.

అదే పద్యం. మొదట గొంతు జీరబోయింది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రెండో పాదానికి గొంతు దారిలో పడింది. చివరి మాట మీద ముసలాయన కళ్ళు మూసుకుని రాగం ఎత్తుకున్నాడు. ఎక్కడిదో ఆ గుక్క! తోటలో కాకులు కూడా సద్దుమణిగినట్టే అనిపించింది రాఘవులుకు. రాగం మెట్టుమెట్టుగా దిగి నేలకు చేరింది.

నాలుగు చప్పట్లు వినపడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు.

హార్మోనియం శ్రుతి ఆపలేదు. వాయించే ఆయనకూ అలవాటే మరి. శేషగిరిరావు గ్లాసు మీద చెయ్యి వేసి, ఎడమ వైపుకు, హార్మోనియం పక్కకు, ఎప్పుడూ కేక వచ్చే చోటుకు చెవి ఒగ్గి నిలబడ్డాడు. రాఘవులు మెడలో తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. అడగాలి, అడిగితే చంపినట్టు. అడక్కపోతే? ఆ సంగతి ఒట్టు వేయించుకున్న పిల్లా ఆలోచించలేదు, వేసినవాడూ ఆలోచించలేదు.

"థాంక్యూ తాతగారూ! వాట్ ఎ వాయిస్!" యాంకరు మైకు లాక్కుంది. ముసలాయన చెయ్యి గ్లాసు మీంచి జారిపోయింది. ఖాళీ కుర్చీలకు దణ్ణం పెట్టి, తడుముకుంటూ మెట్లు దిగాడు.

రాఘవులు కుంటుకుంటూ గుడారం చేరేసరికి పండగ వాళ్ళు పెట్టిన నర్సు శేషగిరిరావు ఛాతీ మీంచి చేతులు తీసేస్తోంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నీళ్ళు కూడా అడక్కుండా, తల పక్కకు వాల్చేశాడట. స్టేజీ దిగి పట్టుమని పది నిమిషాలు కూడా కాలేదు. ఉమ నేల మీద కూలబడి ఉంది.

"దిగుతూ అడిగారు బాబాయ్. రాఘవులు రాలేదా, ఒంట్లో బాగాలేదా అని."

రాఘవులు పెదవులు తడుపుకున్నాడు. "నువ్వేం చెప్పావమ్మా?"

"ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నా. ఉన్నారని చెబితే మళ్ళీ స్టేజీ ఎక్కుతారని..."

రాఘవులు ఆ చల్లబడుతున్న పాదాల దగ్గర కూర్చుని, సొన మచ్చల చేతులతో పంచె అంచు సర్దాడు. వ్యాను వచ్చింది. నలుగురితో పాటు తనూ ఓ చెయ్యి వేసి ఎక్కించాడు. ఉమ వెనక ఎక్కింది. వ్యాను మైలవరం వైపు వెళ్ళిపోయింది. మరో మనిషికి అందులో చోటు లేదు.

స్టేజీ మీద బ్యాండు మొదలైంది. ఒక పాట అయ్యీ అవగానే తాడు తెంచుకుని ముందుకొచ్చిన పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు, వన్స్ మోర్, వన్స్ మోర్ అని. వాళ్ళకు అది ఎంత సులువుగా వచ్చిందో! రాఘవులు స్టేజీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

హార్మోనియం ఎవరో తీసుకెళ్ళారు. అది ఉన్న చోట, స్పీకరు పక్కన, స్టీలు గ్లాసులో సగం మిరియాల నీళ్ళు అలాగే ఉన్నాయి.