ఖాళీ ఇంటి చప్పుడు

తెర మీద నటి ఎడమ కాలు కాస్త ఈడ్చి నడుస్తుంటే చెవిబాబాయి చేతిలోని చెప్పులు కింద పెట్టేశాడు. అది అచ్చం తన భార్య నడక.

చెవిబాబాయి పని సినిమాలకి చప్పుళ్ళు చేయడం. షూటింగులో మాటలైతే పడతాయి గానీ అడుగులూ, గిన్నెలూ, బొత్తాం పెట్టుకోవడాలూ సరిగ్గా పడవు. అవన్నీ తర్వాత ఒక గదిలో తెర చూస్తూ చేసి అతికించాలి. ఆ గదిలో అతనికి నలభై జతల పాత చెప్పులు, ఒక ఇసుక ట్రే, ఒక కంకర ట్రే, చుట్టూ గోడంటూ లేని ఒక తలుపూ ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా అదే లోకం. దోమ ఏ మూల ఎగురుతోందో కూర్చున్న చోటునుంచే చెప్తాడని స్టూడియోలో అందరూ అతన్ని చెవిబాబాయి అంటారు. పైకి విసుక్కుంటాడు గానీ ఆ పేరంటే లోపల మహా ముచ్చట. "నా చేతికొచ్చిన టేపు మొదట్నుంచి చివరిదాకా వినకుండా గడప దాటనివ్వను" అని ఇంటికొచ్చిన చుట్టాల దగ్గర కూడా కోతలు కోసేవాడు. పక్కన కూర్చున్న భార్య తల ఊపేది.

ఇప్పుడు చేతిలో ఉన్న సినిమా ఒంటరితనం మీద. పదకొండో అంతస్తులో ఒక ఫ్లాటు, అందులో ఒక మొగుడూ పెళ్ళాం, వాళ్ళ మధ్య మాటల్లేవు. "రెండు గంటలు ఎవరూ మాట్లాడరు, ఆఖర్న ఒకళ్ళు తలుపేసుకుని వెళ్ళిపోతారు. దీనికి టికెట్టు కూడానా" అని కథ విన్నరోజే వెటకారం చేశాడు. ఆ దర్శకుడు ముప్ఫై దాటని కుర్రాడు, పట్టుదల మనిషి. స్టూడియోలో తలుపులు మూసి పట్టిన నిశ్శబ్దం వద్దన్నాడు. మనుషులు కాపురం చేసే ఇంట్లో, వాళ్ళు లేనప్పుడు ఇల్లు ఎలా మోగుతుందో అది కావాలన్నాడు. నలభై రోజులది కావాలన్నాడు. ఎవరింటి చుట్టూ తిరుగుతాంలే అని చెవిబాబాయి తన ఇంట్లోనే అల్మరా మీద చిన్న రికార్డరు పెట్టాడు. రోజూ ఎనిమిదింటికి ఆన్ చేసి వచ్చేవాడు. కళ్ళద్దాల షాపులో పనిచేసే భార్య పదింటికి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఇల్లు ఖాళీ. రోజూ సాయంత్రం అందులోని మెమరీ కార్డు తీసి దర్శకుడి ఆఫీసుకి పంపేవాడు. అది మూడు నెలల కిందటి మాట.

సరే, నడక ఒక్కటే అయితే పోన్లే అనుకునేవాడు. లోకంలో ఎడమ కాలు ఈడ్చేవాళ్ళు ఎంతమంది లేరు. కానీ తర్వాతి సీనులో ఆ నటి మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తూ చొక్కాతో మాట్లాడింది. "నువ్వు నయం. బొత్తాం పెడితే ఊరుకుంటావు, తీసినా ఊరుకుంటావు. నేనూ అంతే అయిపోయాను." ఆ ఎత్తిపొడుపు ఎవరిదో అతనికి చెప్పక్కర్లేదు. ఆపైన ఇంకో ముక్క. "పెళ్ళైన కొత్తలో ఒక క్యాసెట్టు ఇచ్చారు. పాటలేమో అనుకున్నా. దాన్నిండా వానే."

చెవిబాబాయి బొమ్మ ఆపేశాడు. ఆ వాన క్యాసెట్టు సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఇరవయ్యారేళ్ళ కిందట, చేతిలో ఏమీ లేని రోజుల్లో, అద్దె గది రేకుల మీద పడిన వానని రాత్రంతా పట్టి ఆమెకిచ్చాడు. అతను ఎవరికీ చెప్పలేదు. అయితే ఇక మిగిలింది ఎవరు?

ఇక చూడండి మనవాడి అవస్థ. అనుమానం ఒకసారి తలుపు తీస్తే ఇంట్లోని ప్రతి వస్తువూ సాక్ష్యం చెప్పేస్తుంది. గుమ్మం దగ్గర కొత్త చెప్పులు కనిపించాయి. ఎప్పుడు కొంది? ఎందుకు కొంది? ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. ఇదివరకు వెల్లకిలా పెట్టేది కదా. నిజానికి ఇదివరకు ఎలా పెట్టేదో అతనెప్పుడు చూశాడు గనక. అన్నిటికన్నా పెద్దది సూట్‌కేసు. వారం కిందట అది అటక మీంచి దిగి మంచం పక్కన కూర్చుంది.

"శనివారం చెల్లెలి దగ్గరికి వెళ్తున్నా" అంది.

"ఎన్నాళ్ళు?"

"చూడాలి."

ఇరవయ్యారేళ్ళలో ఆమె చెల్లెలి దగ్గరికి వెళ్తే రెండు రోజులనో మూడు రోజులనో చెప్పేది. చూడాలి అన్నది ఇదే మొదలు. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ ఒక్క మాట బుర్ర తొలిచేస్తోంది.

బుధవారం మధ్యాహ్నం ఏదో వంక పెట్టుకుని షాపుకి ఫోన్ చేశాడు. "మేడమ్ ఈ రోజు అరపూట సెలవండీ. సోమవారం కూడా పెట్టారు" అన్నారు అవతల. సాయంత్రం ఇంటికెళ్తే ఆమె ఎప్పట్లాగే కూరగాయలు తరుగుతోంది.

"షాపులో పని ఎక్కువగా ఉందా?" అని అడిగాడు, వల వేస్తున్నాననుకుని.

ఆమె కత్తి ఆపి అతనికేసి వింతగా చూసింది. "ఎప్పుడూ లేంది, ఇవాళ అడిగారేం?"

"ఊరికే."

"ఎప్పట్లాగే ఉంది" అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

అబద్ధం. మొహం మీద అబద్ధం. ఆ రాత్రి పక్కగదిలో ఆమె అడుగులు వింటూ కూర్చున్నాడు. అల్మరా తీసింది, మూసింది. సూట్‌కేసు జిప్పు సగం దాకా లాగింది, ఆపింది. చప్పుడు బట్టి అన్నీ చెప్పగలడు గానీ ఆ మనిషి మనసులో ఏముందో మాత్రం పట్టుబడటం లేదు. ఎదురుగా వెళ్ళి అడిగేస్తే పోయేది కదా అని మీరంటారు. అడిగితే జవాబు చెప్తుందేమోనని అతని భయం.

దర్శకుడి మీద అసలు కోపం. చూడబోతే ఆమెకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. అయితేనేం, ఓపిగ్గా వినేవాడు దొరికితే ఆడది ఇల్లంతా విప్పి చెప్పదా? ఏ కాఫీ హోటల్లో కూర్చుని చెప్పిందో, వాడు ఏ పుస్తకంలో రాసుకున్నాడో, ఇద్దరూ కలిసి తనని చూసి ఎంత నవ్వుకున్నారో. ఇలా ఒకదాని వెనక ఒకటి అల్లుకుంటూ మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. శనివారం మధ్యాహ్నానికి ఇక ఆగలేక ఎడిటింగు గదికి వెళ్ళి తలుపేశాడు.

"ఆ వాన క్యాసెట్టు సంగతి నీకెవరు చెప్పారు?"

దర్శకుడు కుర్చీ తిప్పి చూశాడు. "అదేంటి బాబాయ్, మీరేగా ఇచ్చారు."

"నేనేం ఇచ్చాను?"

"నలభై రోజుల రికార్డింగు. రోజూ ఎనిమిది నుంచి పది దాకా ఆవిడ ఉన్నారుగా అందులో." అతని మొహంలో రంగు మారింది. "మీరు విని ఇచ్చారనుకున్నాను. వినకుండా ఏ టేపూ గడప దాటనివ్వనంటారు కదా. ఆవిడ ఒప్పుకున్నాకే ఇచ్చారనుకుని ఆ సీన్లన్నీ మళ్ళీ రాసుకున్నా. నటికి నడక కూడా అది వినిపించే నేర్పించా. ఆవిడ గొంతు మాత్రం ఎక్కడా వాడలేదు బాబాయ్, ఒట్టు."

 ఖాళీ ఇంటి చప్పుడులో వినేదేముందని చెవిబాబాయి ఒక్కరోజూ వినలేదు. సూది కదులుతోందా లేదా అని నిమిషం చూసి కార్డు కవర్లో పెట్టేసేవాడు.

దర్శకుడు ఆ నలభై కార్డుల పెట్టె తీసి అతని చేతికిచ్చాడు. చెవిబాబాయి తన గదికి వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

మొదటి రోజు. అతని అడుగులు, తలుపు, లిఫ్టు. కాసేపు గిన్నెలు. తర్వాత చాలా దగ్గరగా, అల్మరా పక్కనే నిలబడి, భార్య గొంతు. "ఏమండీ, వింటారని తెలుసు. ఎదురుగా ఉంటే మీరు వినరు. ఇందులోంచైతే తప్పక వింటారు కదా, మీ వృత్తి అదేగా." చిన్నగా నవ్వింది. ఎంత కాలమైంది ఆ నవ్వు విని.

ముందుకు జరిపాడు. ఐదో రోజు మోకాలి నొప్పి గురించి చెప్పింది. తొమ్మిదో రోజు చొక్కా ఇస్త్రీ. పన్నెండో రోజు వాన క్యాసెట్టు. "ఇంకా దాచాను. వినడానికి ఇంట్లో మిషను లేదు, అంతే." పదిహేడో రోజు ఏమీ చెప్పకుండా చాలాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, "ఇది తీసేయండి, బాగోదు" అంది.

పంతొమ్మిదో రోజు గొంతు గట్టిగా ఉంది. "ఇన్ని రోజులు విని కూడా సాయంత్రం ఒక్క ముక్క అనడం లేదు మీరు. చెప్పడం కష్టమైతే చెప్పకండి. రేపు పొద్దున దీన్ని ఆన్ చేయకుండా వెళ్ళండి, చాలు. విన్నారని అర్థం చేసుకుంటాను. సాయంత్రం నేనే మాట్లాడతాను."

ఇరవయ్యో రోజు కార్డు పెట్టాడు. టక్కుమని బొత్తాం నొక్కిన చప్పుడు. వెంటనే తన గొంతే, ఎవరి గొంతో అన్నంత పొడిగా. "బ్యాటరీ నిండుగా ఉంది. దీన్ని ముట్టుకోకు." అడుగులు. తలుపు.

ఆ తర్వాత ఏమీ లేదు. ఫ్రిజ్ రొద, దూరంగా ఏదో కారు. పది నిమిషాలు విన్నాడు. ఆమె ఊపిరి ఒకసారి దగ్గరగా వచ్చి దూరమైంది. ఒక్క మాట లేదు. ఇరవై ఒకటి పెట్టాడు, అదీ అంతే. సిగ్గుతో చెవులు మండిపోయాయి. హెడ్‌ఫోన్లు విసిరేసి, కార్డుల పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి పరిగెత్తాడు.

ఆమె హాల్లో సూట్‌కేసు పక్కన కూర్చుని చెప్పులు వేసుకుంటోంది.

"ఈ వేళప్పుడు వచ్చారేం?"

"వెళ్ళకు" అన్నాడు రొప్పుతూ. "నేను... నీ మీద అనుమానపడ్డాను. ఆ డైరెక్టరుతో మాట్లాడుతున్నావనుకున్నాను. షాపుకి ఫోన్ చేశాను, సెలవు పెట్టావట."

"చెల్లెలి ఇంటి దగ్గర షాపులో ఉద్యోగం మాట్లాడుకోడానికి వెళ్ళాను. సోమవారం నుంచి చేరుతున్నా." గొంతులో కోపం లేదు. "ఆ డైరెక్టరెవరో నేను చూడనైనా లేదు. నేను మాట్లాడింది మీతోనే."

"తెలుసు. ఇవాళే విన్నాను."

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఇవాళా?"

ఇక్కడ అబద్ధం ఆడేయొచ్చు. అప్పుడే విన్నాను, ఏం చెప్పాలో తెలియలేదు అంటే నమ్మేది. కానీ అతనికి అబద్ధమాడే ఓపిక కూడా మిగల్లేదు.

"అప్పుడు వినలేదు. ఒక్క రోజూ వినలేదు."

"మూడు నెలలుగా నేనేమనుకున్నానో తెలుసా? విన్నారు, విని ఊరుకున్నారు అని. అందుకు కోపం తెచ్చుకున్నాను. ఆ కోపంతోనే ఉద్యోగం కూడా వెతుక్కున్నాను. అసలు వినలేదా?" ఆమె కళ్ళు నిండాయి. "ఇరవయ్యో రోజుది విన్నారా?"

"విన్నాను. అందులో ఏం లేదు. నువ్వేం మాట్లాడలేదు."

"ఎంతసేపు విన్నారు?"

అతను తల దించుకున్నాడు. "పది నిమిషాలు."

"నేను ఇంట్లోంచి వెళ్ళేది పదింటికండీ" అంది ఆమె మెల్లగా. లేచి, సూట్‌కేసు పట్టుకుంది. అతను చెయ్యి వేయబోతే వద్దంది. కింద టాక్సీ హారను కొట్టింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయింది. ఎడమ కాలి చప్పుడు లిఫ్టు దాకా వినపడింది.

ఆ సాయంత్రం చెవిబాబాయి భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇరవయ్యో రోజు మొదట్నుంచి పెట్టాడు. ముందుకు జరపలేదు. ఫ్రిజ్ రొద, నీళ్ళ చప్పుడు, దువ్వెన బల్ల మీద పెట్టిన చప్పుడు. గంటా యాభై నిమిషాల దగ్గర చెప్పులు వేసుకుంది. తాళంచెవి తీసుకుంది. తలుపు తెరిచింది. మూయబోతూ, గుమ్మంలోంచి, అల్మరాకి వినపడేంత గట్టిగా అంది.

"రేపైనా ఆన్ చేయకుండా వెళ్ళండి."

అతను మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు.

ఆదివారం పొద్దున లేస్తూనే ఇరవై ఒకటి పెట్టాడు. రెండు గంటలు కదలకుండా విన్నాడు. గుమ్మంలో అదే మాట. "రేపైనా." ఇరవై రెండులో గొంతు తగ్గింది. ఇరవై మూడులో ఆ మాటకి ముందు దగ్గు కూడా ఉంది. జలుబు చేసి ఉంటుంది. ఆ రోజు ఇంట్లో ఉన్నవాడికి ఆ సంగతి తెలియలేదు. మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్ చేశాడు. ఆమె ఎత్తింది. అవతల చెల్లెలి ఇంట్లో ఫ్యాను కిర్రుమంటోంది, ఎవరో కుర్చీ జరిపారు. అతను అవన్నీ విన్నాడు.

"ఇరవై మూడో రోజు నీకు జలుబు చేసింది" అన్నాడు చివరికి.

అవతల చాలాసేపు ఫ్యాను ఒక్కటే వినపడింది.

"ఎన్ని విన్నారు?"

"నాలుగు. పూర్తిగా."

"ఇంకా పదిహేడున్నాయి" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

చెవిబాబాయి లేచి మంచినీళ్ళు తాగి వచ్చి ఇరవై నాలుగో కార్డు పెట్టుకున్నాడు.