నూట డెబ్బై రెండో పాస్‌పోర్టు

నేను ఒక రబ్బరు ముద్రను. నా ముఖం మీద తిరగేసి చెక్కిన మాట ఒక్కటే: రద్దు.

కోఠీలో ఓ ఇరుకు కొట్లో, టీ తాగుతూ తాగుతూ నన్ను కోసి చెక్కపిడికి అతికించారు. అక్కణ్నుంచి విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి భుజంగరావు గారి సొరుగులో వచ్చి పడ్డాను. బల్ల మీద నిష్క్రమణ ముద్ర రోజంతా టపటపలాడేది. అది పడిందా, మనిషి దేశం దాటినట్టే లెక్క. నాకేమో పనే లేదు. సొరుగులో కుదురుగా ఉండలేక చచ్చేదాన్ని.

ఓ రోజు పొద్దున పదకొండింటికి పని తగిలింది. దారిలో ఉన్న ఓ దేశం తన ఆకాశాన్ని మూసేసింది. నేల ఎవరిదో పైనున్న ఆకాశమూ వాళ్లదేనట, దేశాలన్నీ సంతకాలు పెట్టుకున్నాయట. గాలికి కూడా గేటు పెట్టారు, చూడండి ఈ మనుషులు! కువైట్ విమానం ఆగిపోయింది. అప్పటికే నూట డెబ్బై రెండు మంది నిష్క్రమణ ముద్ర వేయించుకుని లోపల కూర్చున్నారు. వాళ్లు మళ్లీ బయటికి రావాలంటే ఆ ముద్ర మీద నేను పడాలి.

నూట డెబ్బై ఒక్కసార్లు పడ్డాను. చివర్న రాజంపేట పెంచలమ్మ పాస్‌పోర్టు గుండెకు అదుముకుని నిలబడింది.

"ఇవ్వమ్మా. లెక్క ప్రకారం నువ్విప్పుడు దేశంలో లేవు. ఇది కొడితేగానీ బయటికి పోనివ్వరు," అన్నారు భుజంగరావు గారు.

"దేశంలో ల్యాకపోతే నేను యాడుండా సారూ? నీ ఎదురుగానే ఉండా గదా!"

ఆమె భర్త కువైట్‌లో తాపీమేస్త్రీ. పరంజా మీంచి పడి ఆసుపత్రిలో ఉన్నాడు. చూడ్డానికిచ్చిన వీసా ఆ రోజుతో సరి.

"రేపటికి ఈ కాగితం చెల్లదు సారూ. కండ్లు తెరిస్తే నన్నే అడుగుతుండాడంట. కొట్టొద్దు సామీ, నీ కాళ్లు మొక్కుతా."

భుజంగరావు గారు నన్ను సిరాలో అద్ది పైకెత్తారు. అప్పుడే విమాన సంస్థ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"సార్, సముద్రం మీదుగా చుట్టు తిరిగి కువైట్ పోయే విమానం మూడింటికుంది. ఒక్క సీటు దొరికింది. బయట టికెట్ల కౌంటర్ మూసేశారు, నిష్క్రమణ రద్దు కాకుండా లోపలే ఉన్నవాళ్లకే కుదురుతుంది. ఈమెను ఎక్కించుకోడానికి మా వాళ్ల అనుమతి రావాలి, అరగంట పడుతుంది."

అంతలో ఫోన్ మోగింది. పై అధికారి. అందరికీ కొట్టేశారా అని అడిగాడు.

"ఒక్కటి మిగిలింది సార్. సిరా ఆరిపోయింది."

అమ్మో! నా ముఖమంతా సిరా కారుతోంది. రూలు రూలే అనే ఆ పెద్దమనిషి అబద్ధమాడటం నేను వినడం అదే మొదలు. అరగంటసేపు ఆయన నన్ను కింద పెట్టకుండా అలాగే పైకెత్తి పట్టుకున్నారు.

అనుమతి వచ్చింది. పెంచలమ్మ ఒక చెప్పు జారిపోయినా ఆగకుండా పరుగెత్తింది.

ఇప్పుడు ముద్రల చోట యంత్రాలొచ్చాయి. నన్ను పాత బీరువాలో పడేశారు. ఆనాటి సిరా నా ముఖం మీదే గట్టిపడింది. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడతాను. పెంచలమ్మ ఆయన్ని చూసిందా? తిరిగొచ్చిందా? ఎవరినైనా అడుగుదామంటే నాకు వచ్చిన మాట ఒక్కటే.