వెంకాయమ్మ మీద పొగ

చిలకలూరిపేటలో మిరపకాయల బస్తాలు లారీలకెత్తే కాలం వచ్చిందంటే రామమూర్తి మాస్టారి ఇంట్లో వీధివైపు కిటికీలు తెరిచేవారు కాదు. ఎదురుగా ఉన్న దొడ్లో కూలీలు బస్తాలు తొక్కుతుంటే ఘాటు లేచి వీధి మొత్తం తుమ్మేది. కిటికీలు మూసిన ఆ ముందుగదిలో, తిరిగే ఫ్యాను కింద, ప్రతి ఆదివారం మధ్యాహ్నం కొండవీటి కోట మీద ముట్టడి జరిగేది.

రెండు ట్రంకుపెట్టెల మీద పాత తలుపు చెక్క ఒకటి పరిచి, దాని మీద ఆకుపచ్చ రంగు అద్దిన గోనెపట్టా కప్పారు. ఒక కొసన బెండుతో చేసిన కొండ, కొండ మీద కోట, కోటకో గుమ్మం. ఇటు కొసన ముట్టడికొచ్చిన సైన్యం. మధ్యలో ఇటుకపొడి చల్లి చేసిన ఎండు వాగు. సైనికులంతా సీసంతో పోసినవాళ్ళు, ఒక్కొక్కడూ చిటికెన వేలంత ఉంటాడు.

అచ్చులు తెచ్చినవాడు సుబేదార్ అంకమ్మరావు. పూనాలో ఉద్యోగం చేసేటప్పుడు అక్కడ ఒక మేజరు సెలవురోజుల్లో ఇలాగే బల్ల మీద యుద్ధాలాడేవాడు. ఆయన ఊరు మారుతూ ఒక మనిషి అచ్చు, ఒక గుర్రం అచ్చు, ఒక ఫిరంగి అచ్చు ఈయన చేతిలో పెట్టి పోయాడు. రిటైరై వచ్చి పత్తీ మిరపా చేసుకుంటున్న అంకమ్మరావుకి ఆ అచ్చులకు తగిన తోడు హిస్టరీ మాస్టారు రామమూర్తిలో దొరికింది. గౌస్ బాషా ప్రెస్సులో అరిగిపోయిన అక్షరాలు తెచ్చి, కుంపటి మీద ఇనప గరిటెలో కరిగించి, ఇద్దరూ రెండు సైన్యాలు పోసుకున్నారు. ఆ గరిటెను మాస్టారి భార్య జ్ఞానప్రసూనాంబ మళ్ళీ వంటింటి గడప తొక్కనివ్వలేదు.

పోయడం వరకే వాళ్ళ పని. రంగులు వేసేది సీతారత్నం.

సీతారత్నం మాస్టారి తమ్ముడి కూతురు. ఊళ్ళో బడి అయిపోయాక, పెద్దమ్మకు సాయంగా ఉంటుందని పేటకు పంపారు. మాట తక్కువ పిల్ల. ఇంటికొచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు గానీ అక్కడ ఒకమ్మాయి కూర్చుని ఉందని గమనించేవారు కాదు. సంక్రాంతికి అంకమ్మరావు ఎడ్ల కొమ్ములకు వేయగా మిగిలిన రంగుడబ్బాలు ఆమెకు చేరేవి. ముందు సీసానికంతా తెల్లపూత పూసి ఆరనిచ్చేది. తర్వాత తలపాగా, చొక్కా, పంచె. కనుపాపలకు మాత్రం కుంచె పనికిరాదని తుమ్మముల్లు వాడేది. ముల్లు కొసను నల్లరంగులో ముంచి, ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క పెట్టేది. ఆ చుక్కతో అంతవరకూ సీసంగా ఉన్నవాడు ఎటో చూడటం మొదలుపెట్టేవాడు.

రెండు సైన్యాలూ ఆమె చేతి మీదుగానే తయారయ్యాయి. కానీ రంగు ఆరి బల్ల మీదికెక్కాక ఒక్కడిని కూడా కదిపే హక్కు ఆమెకు లేదు. గోడవారగా పీట వేసుకుని ఆట చూసేది. పెదనాన్న గుర్రాలను తొందరపడి ముందుకు తోలి పోగొట్టుకుంటే ఆమె వేళ్ళు ఒళ్ళో వాటంతటవే ముడుచుకునేవి. ఒక్కసారి బల్ల దగ్గర పెదనాన్న కుర్చీలో కూర్చోవాలని ఆమెకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ వేసవిలో రామమూర్తి మాస్టారికి గుంటూరులో శుక్లం తీశారు. ఒక కంటికి కట్టు, రెండోది ఎప్పట్నుంచో మసక. పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉండాలే తప్ప వంగకూడదన్నాడు డాక్టరు. వరసగా ఆదివారాలు ఆట లేదు. అంకమ్మరావు వచ్చి, ఖాళీ బల్ల చుట్టూ తిరిగి, కాఫీ తాగి పోతున్నాడు.

"ఏందయ్యా మాస్టారూ, ఒక కన్నుంది కదా. ఆ కన్నుతో ఆడు."

"ఆ కంటికి నువ్వే కొండలా కనపడుతున్నావు. నీ మీదికి ఎక్కించమంటావా గుర్రాలను?"

"అట్లాగైతే మనిషిని చూపించు. ఎవడో ఒకడు ఎదర ఉండాలి గదా."

పీట మీదనుంచి మాట వినిపించింది. "నేను ఆడతానండీ."

అంకమ్మరావు మాట ఎటునుంచి వచ్చిందో తెలియక ముందు వంటింటి వైపు చూశాడు. తర్వాత కిందికి చూశాడు.

"నువ్వా? అమ్మాయ్, బొట్లు పెట్టినట్టు కాదు, ఇది యుద్ధం."

"తెలుసండీ."

"గుర్రం రెండు జానలు, కాల్బలం జానెడు. ఫిరంగి పేలితే దూదిపింజె పెట్టాలి. పొగున్న ఫిరంగి మరుసటి వంతుకి పేలదు. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అంతమంది పోయినట్టు. ఇయ్యన్నీ..."

"చూస్తూనే ఉన్నానుగదండీ."

మాస్టారు కట్టు కిందనుంచే నవ్వాడు. "నువ్వు ఓడిపోతావని భయంగా ఉంటే చెప్పవోయ్, మరో మనిషిని వెతుకుదాం."

"నాకు భయమా!" అంకమ్మరావు మీసం సర్దుకున్నాడు. "సరే అమ్మాయ్, బేరం. గెలిచావా, ఆ కుర్చీ నీది, నేనూ మీ పెదనాన్నా వంతులేసుకుని నీతో ఆడతాం. ఓడావా, మళ్ళీ ఈ బల్ల దగ్గర ఆట పేరెత్తకూడదు. రంగులు, పీట. అంతే."

"అట్లాగేనండీ," అంది సీతారత్నం. వచ్చే ఆదివారం అన్నాడాయన.

ఆ ఆదివారం ఆమె పెదనాన్న కుర్చీలో కూర్చుంది. ఎత్తు చాలక కింద దిండు వేసుకుంది. ముట్టడిదారుల సైన్యం ఆమెది. జ్ఞానప్రసూనాంబ కాఫీ తెచ్చేలోగా ఒక్క గుర్రమైనా కోటగుమ్మం తాకితే ఆమె గెలిచినట్టు. కాఫీతో ఆట ముగియడం మొదట్నుంచీ ఉన్న పద్ధతి.

కోటను కాసేది ఒకే ఒక ఫిరంగి. కొండ చరియ మీద, వాగుకి ఎదురుగా ఉంటుంది. అంకమ్మరావు దానికి వెంకాయమ్మ అని పేరు పెట్టాడు. అది వాళ్ళ అత్తగారి పేరు. మనిషి నోరు తెరిస్తే ఎదుట ఎవరూ నిలవరని ఆయన చెప్పేవాడు.

"కొండవీట్లో ఆనాడు అంత పెద్ద ఫిరంగి ఉందని చరిత్రలో లేదయ్యా," అన్నాడు మాస్టారు అలవాటుగా.

"నీ చరిత్రలో లేకపోతే నా బల్ల మీద ఉంది. కానీ అమ్మాయ్."

సీతారత్నం నెమ్మదిగా ఆడింది. గుర్రాలను పెదనాన్నలా ముందు తోలలేదు. తాటాకు ముక్కలు గుచ్చి చేసిన తాటితోపు వెనక దాచి, కాల్బలాన్ని ముందు నడిపింది. వెంకాయమ్మ పేలినప్పుడల్లా కాల్బలం కూలింది. కొలపుల్ల పెట్టి కొలిచి, గవ్వలు వేసి, కూలినవాళ్ళను తీసి పక్కన పడుకోబెడుతూ వచ్చింది. అంకమ్మరావు హుషారుగా ఉన్నాడు. కాఫీ వేళ దగ్గరపడింది. వెంకాయమ్మ మీది పొగ తీసేసినా ఇక ఆగకుండా ఆమె గుర్రాలను తోపులోంచి వాగులోకి దింపింది. అదే వంతులో తన ఫిరంగిని పేల్చి, దాని మీద దూది పెట్టింది. కోట గోడ మీద ఇద్దరు పడిపోయారు.

అంకమ్మరావు బల్ల మీదికి వంగాడు. వాగులో ఆమె గుర్రాలన్నీ ఒకేచోట ఉన్నాయి. ఆయన వంతు. వెంకాయమ్మ సిద్ధంగా ఉంది.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయి, గది ఉడికిపోయింది. వీధిలో ఎవరో కేక పెట్టారు. ఎదుటి దొడ్లో లారీకెత్తుతున్నవి అంకమ్మరావు బస్తాలే.

"ఒరేయ్ బుడాన్! ఆ బస్తా మీద నిలబడొద్దన్నానా! దిగరా కిందికి!" అంటూ ఆయన బయటికి పోయాడు. చాలాసేపు ఆయన గొంతు వీధిలోనే తిరిగింది. మాస్టారు కునుకు తీశాడు.

కరెంటు వచ్చింది. ఫిరంగి పొగకు వాడే దూది అంకమ్మరావు సొంత పత్తి, చేలో ఒలిచి తెచ్చింది, ఊదితే లేచేంత తేలిక. అంతదాకా నీరసంగా తిరిగిన ఫ్యాను ఒక్కసారిగా జోరందుకోగానే సీతారత్నం ఫిరంగి మీది దూది లేచి, వాగు దాటి, గుర్రాల మీదుగా పోయి, వెంకాయమ్మ మూతి దగ్గర వాలింది. కొండరాళ్ళుగా అంటించిన గరుకు బెండుకు చిక్కుకుని అక్కడే ఉండిపోయింది.

ఆమె చెయ్యి చాచేలోగా అంకమ్మరావు ముఖం తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"వెధవలు, గుంటూరు చేరేలోగా కాయ పొడైపోద్ది." బల్ల వైపు చూశాడు. "ఎక్కడున్నాం? అరే, వెంకాయమ్మ పేలి కూర్చుందే! ఛ. ఈ వంతుకి పేలేదయితే నీ గుర్రం ఒక్కటి మిగిలేదా?" కోట గోడ మీద కాల్బలాన్ని అటూ ఇటూ సర్దాడు. "సరే, నీ వంతు."

సీతారత్నం కొలపుల్ల తీసుకుంది. ముందున్న గుర్రం దగ్గర్నుంచి గుమ్మం వరకు పెట్టి చూసింది. గుమ్మం రెండు జానలకు ఇంకా కాస్త లోపే ఉంది. ఆ గుర్రానికి నుదుట తెల్ల చుక్క పెట్టింది ఆమే. వెంకాయమ్మకు నల్లరంగు వేసి, మూతి చుట్టూ పసుపు పట్టీ గీసిందీ ఆమే. ఆ పట్టీ ఇప్పుడు దూది కింద సగమే కనిపిస్తోంది.

వంటింట్లో కాఫీ గ్లాసులు చప్పుడయ్యాయి.

"ఏందమ్మాయ్, కదుపు. గుమ్మం నోరు తెరుచుకునుంటే..."

"అది నా పొగండీ," అంది సీతారత్నం.

"ఏ పొగ?"

"వెంకాయమ్మ మీదున్నది. ఫ్యాను గాలికి వచ్చి పడింది. పేలింది నా ఫిరంగి. మీది పేలలేదు. మీ వంతు ఇంకా అవలేదండీ. పేల్చుకోండి."

అంకమ్మరావు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, ముందు ఆమె ఫిరంగిని చూశాడు, తర్వాత తన ఫిరంగిని చూశాడు. ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"నేను పేల్చను."

"ఎందుకండీ?"

"నువ్వు పేల్చుకోమంటే పేల్చుకుంటానా? సుబేదార్ అంకమ్మరావుకి ఆడపిల్ల దయ తలిచి గుండు ఇచ్చిందని రేపు మీ పెదనాన్న పేటంతా చెప్తాడు. పొగున్న ఫిరంగి పేలదు. ఆ రూలు పెట్టింది నేనే."

మాస్టారికి మెలకువ వచ్చింది. విషయం చెప్పించుకున్నాడు. "పొగ గుర్తు మాత్రమేనయ్యా. రూలు పేలిన ఫిరంగికే గానీ దూదికి కాదు."

"గుర్తు చూసేగా ఆడేది! యుద్ధంలో పొగ కమ్మితే ఇది ఎవరి పొగ అని అడుగుతామా?"

"అయితే ఈ వంతుకి అది పేలదని ఒప్పుకో. అమ్మాయి గుర్రం గుమ్మం తాకుతుంది. ఆ పిల్ల గెలిచింది."

"ఎట్లా గెలుస్తది? నా వెంకాయమ్మ పేలలేదుగా!"

"మరి పేల్చు."

"పేల్చనన్నానా!"

సీతారత్నం కొలపుల్ల బల్ల మీద పెట్టేసింది. "మీ ఫిరంగి పేలేదాకా నేనూ కదపనండీ."

జ్ఞానప్రసూనాంబ కాఫీ తెచ్చి, ముగ్గురినీ చూసి, "ఎవరు పోయారు?" అంది.

కాఫీ వచ్చింది కాబట్టి ఆట ఆగిపోయింది. గుర్రాలు వాగులో ఉన్నాయి. గుమ్మం ఎవరూ తాకలేదు, కానీ వంతు మధ్యలోనే ఆగింది కాబట్టి కోట నిలిచిందనడానికీ లేదు. గెలిస్తే కుర్చీ, ఓడితే పీట అన్నారు గానీ, రెండూ కాకపోతే ఏమిటో బేరంలో లేదు. అంకమ్మరావు కాఫీ సగం తాగాక ఆ సంగతి ఆయనకే తట్టింది.

"తేలలేదు," అన్నాడు. "తేలనిదాన్ని మధ్యలో వదిలేస్తే దాన్ని పారిపోవడమంటారు. ఎవరూ బల్ల ముట్టుకోవద్దు. వచ్చే ఆదివారం ఇక్కణ్ణుంచే."

"అయ్యో, రేపు ఆ చెక్క మీద వడియాలు పెట్టుకుందామనుకున్నానే!" అంది జ్ఞానప్రసూనాంబ.

"వడియాలు మంచం మీద పెట్టుకోమ్మా. అక్కడ యుద్ధం జరుగుతోంది."

ఆ వారమంతా సీతారత్నం పెట్టె అడుగున ఉన్న పాత గుండీలు ఏరి, ఒక్కో గుండీకి ఒక్కో దూదిపింజె తుమ్మజిగురుతో అంటించింది. బూడిదరంగు తేలిగ్గా అద్దింది. ఎండలో పెట్టి ఊది చూసింది. కదలలేదు.

ఆదివారానికి మాస్టారి కట్టు విప్పారు. కొత్త అద్దాలు పెట్టుకుని, గోడలు తడుముకోకుండా నడిచి వచ్చి, తన కుర్చీ వైపు వెళ్ళాడు. అప్పటికే దిండు వేసుకుని కూర్చున్న సీతారత్నం లేచి నిలబడింది.

"ఆగు మాస్టారూ," అన్నాడు అంకమ్మరావు. "ఆట మధ్యలో సేనాపతిని మారుస్తారా ఎక్కడన్నా?"

మాస్టారు కుర్చీని చూశాడు, దిండును చూశాడు. తర్వాత వెళ్ళి పీట మీద, మోకాళ్ళు పట్టుకుని కాస్త కష్టంగా కూర్చున్నాడు.

సీతారత్నం మళ్ళీ కూర్చుంది. వెంకాయమ్మ మీది పాత దూదిని రెండు వేళ్ళతో తీసి, తన ఫిరంగి మీద గుండీ పొగను పెట్టింది. గవ్వలు అంకమ్మరావు ముందుకు జరిపింది. ఇప్పుడు వెంకాయమ్మ మీద పొగ లేదు కాబట్టి ఆయన వాటిని గుప్పిట్లో గలగలలాడించి విసిరాడు. చాలావరకు వెల్లకిలా పడ్డాయి.

"చూశావా మా అత్తగారి నోరు!"

ఆమె వాగులోంచి గుర్రాలను ఒక్కొక్కటే తీసి పక్కన పడుకోబెట్టింది. నుదుట చుక్క ఉన్నది ఒక్కటి మిగిలింది. అంకమ్మరావు ఇంకో గుండీ పొగను వెంకాయమ్మ మీద పెట్టి, అది కదులుతుందేమోనని ఊది చూశాడు.

"నీ వంతు, సేనాపతీ," అన్నాడు.

ఆమె కొలపుల్ల తీసుకుంది.