పొగ కిందికి వెళ్ళే దారి

పోపు వేసినప్పుడల్లా హెప్సిబా దగ్గేది. హాల్లో ఉన్న శామ్యూల్ రాజ్ టీవీ సౌండు తగ్గించి వినేవాడు. రెండు దగ్గులతో ఆగిపోతే మళ్ళీ సౌండు పెంచేవాడు. ఆగకపోతే లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి, భార్యను పెరట్లోకి తీసుకొచ్చి, ఇన్‌హేలర్ చేతికిచ్చి వీపు నిమురుతూ నిలబడేవాడు.

"కూర మాడిపోద్దండీ," అనేది ఆమె.

"మాడనీ."

పక్కింటివాళ్ళు మేడ కట్టుకున్నాక వంటింటి కిటికీకి అడుగు దూరంలో గోడ లేచింది. అప్పట్నుంచి పొగ పోయే దారి లేదు. హెప్సిబా హైస్కూల్లో తెలుగు టీచరు. పొద్దున వంటింట్లో దగ్గీ దగ్గీ స్కూలుకెళ్తే మధ్యాహ్నానికి గొంతు పోయేది. పద్యం చదవబోయి ఆగిపోతే పిల్లలే మిగతా పాదాలు అందుకునేవాళ్ళు. పొగకి దూరంగా ఉండమన్నాడు డాక్టరు. వండటం మానమంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. చేపలు వేయించి నలుగురికి పెట్టడమంటే ఆమెకి అంత ఇష్టం.

శామ్యూల్ రాజ్‌ది మచిలీపట్నంలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు. వేసవి సెలవుల్లో వంటిల్లు మార్చేద్దామన్నాడు. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీయించి, పొయ్యి గట్టు నడిమధ్యలో కట్టించి, పైన చిమ్నీ వేలాడదీద్దామన్నాడు.

"పైన వద్దండీ. నా ఎత్తుకి అది సరిగ్గా నుదుటికి తగులుద్ది. అవనిగడ్డలో మా పిన్ని వాళ్ళింట్లో రెండుసార్లు కొట్టుకున్నా," అంది హెప్సిబా. ఆమె భర్త కంటే నాలుగు వేళ్ళు పొడుగు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే శామ్యూల్ రాజ్‌కి లోలోపల గర్వంగా ఉండేది.

వారం రోజులు ఫోన్లో వెతికి ఒక సాయంత్రం ఆమెకి ఒక వీడియో చూపించాడు. డౌన్‌డ్రాఫ్ట్ చిమ్నీ. పొయ్యి వెనకే గట్టులో దాక్కుని ఉంటుంది. బటన్ నొక్కితే జానెడు పలకలా పైకి లేస్తుంది. పైకి పోబోయే పొగను పక్కకి లాగి, నేల కింద వేసిన గొట్టంలోంచి ఇంటి బయటికి తోసేస్తుంది.

"పొగని కిందికి లాగుతారా?" ఆశ్చర్యపోయింది హెప్సిబా.

"నీకోసం లాగుతా," అన్నాడతను.

మే నెలంతా ఇల్లు సిమెంటు దుమ్ముతో నిండిపోయింది. దుమ్ము పడదని హెప్సిబాని, డిగ్రీ చదివే కూతురు జెనిఫర్‌ని పిన్ని వాళ్ళింటికి పంపేసి, శామ్యూల్ రాజ్ షాపు మధ్యాహ్నమే మూసి పనికి దిగాడు. టైల్స్ పరచకముందే నేలలో కాలవ తవ్వించి రేకు గొట్టం వేశాడు. ప్లాస్టిక్ గొట్టమైతే చవకే గానీ నూనె జిడ్డుకీ వేడికీ నిలవదని దాన్ని ముట్టుకోలేదు. వంపులు రెండే పెట్టాడు. అతుకులన్నిటికీ అల్యూమినియం టేపు చుట్టాడు. గొట్టం పెరటి గోడలోంచి బయటికొచ్చే చోట రేకు రెక్క, ఎలకలు దూరకుండా జాలీ బిగించాడు. మోటారుకి విడిగా ఎంసీబీ స్విచ్చు, మంచి ఎర్తింగు పెట్టాడు. పనంతా అయ్యాక భార్యకి ఫోన్ చేసి, ఆదివారం చర్చి అయ్యాక పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి పొయ్యి వెలిగిద్దామని చెప్పాడు. చుట్టాల్ని కూడా పిలిచేశాడు.

శనివారం పొద్దున గుడివాడ నుంచి హెప్సిబా అన్న సుందరరాజు వచ్చాడు. గ్యాస్ ఏజెన్సీలో మెకానిక్కు. పైపు కనెక్షను తన చేత్తోనే ఇస్తానని ముందే చెప్పాడు. చిన్నప్పుడు కట్టెల పొయ్యి పొగకి చెల్లెలు ఉక్కిరిబిక్కిరైతే ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తినవాడు అతనే. బావలిద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవాళ్ళు.

"సిలిండరెక్కడ బావా?" వస్తూనే అడిగాడు సుందరరాజు.

"పెరట్లో, గోడకవతల. మోటారున్న గట్టు కింద గ్యాస్ బండ పెట్టేంత పిచ్చోణ్ణి కాదులే," అన్నాడు శామ్యూల్ రాజ్.

"మంచి పని చేశావు. లీకైన గ్యాసు కిందే పరుచుకుంటది. అక్కడే మోటారుంటే ఒక్క నిప్పురవ్వ చాలు."

గ్యాస్ పైపు బిగించి, సబ్బు నురగ రాసి దాని అతుకులన్నీ చూసుకున్నాడు. ఎక్కడా బుడగ రాలేదు. శామ్యూల్ రాజ్ ముఖం వెలిగిపోయింది.

"సరే. ఇప్పుడు తలుపులూ కిటికీలూ అన్నీ మూసెయ్. చిమ్నీ ఫ్యాను పెద్ద స్పీడులో పెట్టు," అన్నాడు సుందరరాజు.

"అన్నీ మూసుకుని వంటెవరు చేస్తారు బావా?"

అప్పుడే ఊరి నుంచి వచ్చి సామాను సర్దుకుంటున్న హెప్సిబా తలెత్తింది. "నేను చేస్తానండీ. ముసురు పట్టినప్పుడు మూసుకునే కదా వండేది. తుఫాను గాలొస్తే చెప్పేదేముంది!"

అన్నీ మూసి బటన్ నొక్కారు. పలక లేచింది, ఫ్యాను హోరుమంది. కాసేపటికి వంటింటి పక్కనున్న బాత్రూమ్ తలుపు ఎవరో లాగినట్టు దానంతటదే కిర్రుమని తెరుచుకుంది. సుందరరాజు దోమల చుట్ట ఒకటి వెలిగించి, ఆ బాత్రూమ్‌లోకి వెళ్ళి వెంటిలేటర్ దగ్గర పట్టుకున్నాడు. బయటికి పోవాల్సిన పొగ లోపలికి తిరిగింది. గోడకున్న గ్యాస్ గీజరు పక్కనుంచి జారి, తలుపులోంచి తిన్నగా వంటింట్లోకి వచ్చింది.

"ఈ గీజరు ఎవరు వాడతారు?"

"జెనిఫర్. పొద్దున్నే కాలేజీకెళ్ళే ముందు," అంది హెప్సిబా. తర్వాత మెల్లగా, "అప్పుడే నేను టిఫిను చేస్తుంటాను," అంది.

సుందరరాజు గొంతు తగ్గించాడు. "నీ ఫ్యాను ఇంట్లో గాలంతా బయటికి తోసేస్తంది బావా. ఆ లోటు పూడాలి కదా. ఏ సందు దొరికితే ఆ సందులోంచి బయటి గాలి లోపలికొచ్చుద్ది. అప్పుడు గీజరు మంట విడిచే విషగాలి బయటికి పోదు, పిల్ల చుట్టూనే ఉండిపోద్ది. దానికి రంగుండదు, వాసనుండదు. కళ్ళు తిరిగి పడిపోయేదాకా తెలీదు."

శామ్యూల్ రాజ్ ఎంసీబీ దింపేసి పెరట్లోకి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. హెప్సిబా వెనకే వెళ్ళి పక్కన కూర్చుంది.

"గాలి పని చేసే బతుకుతున్నా హెప్సీ," అన్నాడతను. "పోయే దారి చూశా. వచ్చే దారి చూళ్ళేదు. పిల్లకేమన్నా అయ్యుంటే?"

"అవలేదుగా. మీరు నా దగ్గు వింటూ కట్టారు. ఇంకేం వినపడలేదు మీకు." అతని మోచేతి మీద ఆరిన సిమెంటు మరక గోటితో గీకసాగింది. "రెండోసారి చూడ్డానికి మా అన్నయ్య ఉన్నాడు మనకి. దేవుడికి స్తోత్రం చెప్పుకుందాం."

"రేపు అందర్నీ పిలిచేశానే!"

"పిలిచినవాళ్ళకి అన్నం పెడదాం. పొయ్యి ఎక్కడుంటే ఏం?"

"నువ్వు వండొద్దు. నేను వండుతా."

హెప్సిబాకి నవ్వాగలేదు. కానీ అతను అన్నంత పనీ చేశాడు. ఆదివారం పెరట్లో గ్యాస్ పొయ్యి పెట్టుకుని సాంబారు కాచాడు. సుందరరాజు ఒకసారి, అతనొకసారి ఉప్పు వేశారు. పాస్టరుగారు భోంచేస్తూ మజ్జిగ మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. "వంట బాగుంది శామ్యూల్. చేతులు ఎక్కువ పడ్డాయి," అన్నారు వెళ్ళేటప్పుడు.

సోమవారం గ్యాస్ గీజరు గోడ దిగింది. దాని చోట కరెంటు గీజరు వచ్చింది. ఇక మిగిలింది గాలి వచ్చే దారి. వంటింటి వీధి గోడకి కిటికీ కాకుండా, ఎప్పుడూ తెరిచే ఉండే రంధ్రం ఒకటి కావాలి. ఫోన్లోనే బావలిద్దరూ దాని కొలత మీద దెబ్బలాడుకున్నారు. చిన్నదైతే చాలదని ఒకరు, పెద్దదైతే వాన కొడుతుందని ఒకరు. చివరికి చిమ్నీ కాగితాల్లో రాసి ఉన్న లెక్క ప్రకారమే గోడ కొట్టి, వాన పడకుండా వాలు రెక్కలు, లోపల జాలీ పెట్టారు.

మరుసటి శనివారం సుందరరాజు మళ్ళీ వచ్చాడు. ఈసారి దోమల చుట్ట శామ్యూల్ రాజే వెలిగించాడు. తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాను హోరెత్తించి వెంటిలేటర్ దగ్గర పట్టుకున్నాడు. పొగ బుద్ధిగా బయటికి పోయింది. బాత్రూమ్ తలుపు కదల్లేదు. పొయ్యి వెలిగించి చూస్తే పెద్ద స్పీడులో మంట పక్కకి ఒరుగుతోంది. అందుకని చిన్న గిన్నెలకి స్పీడు తగ్గించాలని హెప్సిబాకి చూపించాడు. అప్పుడు గానీ సుందరరాజు తల ఊపలేదు.

హెప్సిబా కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, పెనం పెట్టింది. గిలకలదిండి రేవు నుంచి తెచ్చిన పండుగప్ప చేప ముక్కలు కారం పట్టించి సిద్ధంగా ఉన్నాయి. మొదటి ముక్క నూనెలో పడగానే చుయ్యిమంది. లేచిన పొగ, దువ్విన జుట్టులా వెనక్కి వాలి, గట్టులోకి దిగిపోయింది. శామ్యూల్ రాజ్, సుందరరాజు, జెనిఫర్ ముగ్గురూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు.

"అందరూ నా నోటివంక అట్టా చూస్తూ కూర్చుంటే నేనెట్టా వేయించేది?" అని కసురుకుంది హెప్సిబా.

"అమ్మా, నీ ముఖం ఇంత బాగుంటదా వండేటప్పుడు?" అంది జెనిఫర్. "ఇన్నాళ్ళూ నీ వీపే చూశాం."

ఆమె దగ్గలేదు. వాయి మీద వాయి తీస్తూ, స్కూల్లో సంగతులు చెబుతూనే ఉంది. మాటలాగితే ఎక్కడ దగ్గొస్తుందోనన్నట్టు శామ్యూల్ రాజ్ ప్రతిదానికీ "ఊఁ, తర్వాత?" అంటూ కూర్చున్నాడు.

భోజనాలయ్యాక, వదినకని హెప్సిబా చేప ముక్కలు సర్దిచ్చిన క్యారేజీ పట్టుకుని సుందరరాజు బస్సెక్కాడు. పామర్రు దాటాక ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, క్యారేజీ మూత వదులుగా ఉంది. బస్సంతా వాసనే. పక్కనున్న పెద్దాయన ఊరుకోలేదు, చేప ఎవరు వేయించారని అడిగాడు. రెండు ముక్కలు పెట్టా. ఆయన వెనక సీటావిడకి చెప్పాడు."

"మరి వదినకి?"

"అదే చెబ్తున్నా. ఇంటికెళ్తే ఏం చెప్పాలో నువ్వే చెప్పు."

హెప్సిబా ఫోన్ చెవికి పెట్టుకునే ఫ్రిజ్ తలుపు తీసి చూసింది. కారం పట్టించిన ముక్కలు ఇంకా కొన్ని ఉన్నాయి.

"వదిన్ని తీసుకుని రేపు రా అన్నయ్యా. వేడివేడిగా వేయించి పెడతా," అంది.